కాలికి కిలో ధర

మనిషి కాలికి కిలో లెక్కన ధర కట్టిన మహానుభావుణ్ణి మీరెక్కడా చూసి ఉండరు. ఆ వీధి వర్తక సంఘం మేడ మీది గదిలో, సరిగ్గా ఫ్యాను కింద, ఉన్నవాటిల్లో మంచి కుర్చీ ఏరుకుని మరీ కూర్చున్నాడు. మెడలో కొలిచే టేపు, చేతిలో కాలిక్యులేటరు. బిల్డింగు ఓనరుకి స్వయానా బావమరిది. ఇళ్ళకీ స్థలాలకీ విలువ కట్టడం ఆయన వృత్తి. పిలిచినవాడికి ఎంత కావాలో అంత కట్టడం ఆయన విద్య. వీధిలో అందరూ ఆయన్ని టేపు అనే పిలుస్తారు, ఎదురుగా ఉన్నప్పుడు తప్ప.

“చెక్క. పాత చెక్క. పొయ్యిలోకి తప్ప ఇంకెందుకూ పనికిరాదు,” అన్నాడు టేపు. “అంతా కలిపి బస్తాన్నర ఉంటుంది. మా బావది పెద్ద మనసు కాబట్టి రెండు బస్తాలకి లెక్క కట్టిస్తాను. కిలో ఇంత అని వేసుకుంటే...”

పెద్ద మనసట! గుమ్మం పక్క బెంచీ మీద కూర్చుని వింటున్న పెద్దావిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మనసు ఎంత పెద్దదో ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? ఆ ఓనరుని కన్నది ఆవిడే. ఈ సమావేశానికి ఆవిడని ఎవరూ పిలవలేదు. పిలవకపోయినా మెట్లన్నీ ఎక్కి వచ్చింది. ఎక్కుతుంటే ఎడమ కాలి బూటు అడుగు ప్రతి మెట్టుకీ కీచుమంది. అడుగున పడ్డ పగులు ఇంకాస్త సాగిందని ఆవిడకి తెలుస్తూనే ఉంది.

అసలు సంగతి ఏమిటంటే, ఓనరు గారి బిల్డింగు వెనక భాగంలో ఒక ఇరుకు గది ఉంది. అందులో ఒకామె చెప్పులూ బూట్లూ కుడుతుంది. బజారు బూట్లు పట్టని పాదాలన్నిటికీ ఆమే దిక్కు. ఒకరి బొటనవేలు పక్కకి తిరిగి ఉంటుంది, ఒకరికి మడమ అరిగి ఉంటుంది, ఒకరికి రెండు పాదాలూ రెండు సైజులు. అలాంటివాళ్ళందరి పాదాలనీ ఆమె చెక్కలో చెక్కి అచ్చులు చేసి పెట్టుకుంది. ఆ అచ్చు మీదే తోలు బిగించి బూటు కుడుతుంది. ఏడాది తిరిగేసరికి ఒకరి పాదం వాస్తుంది, ఒకరికి ఎముక పొడుచుకొస్తుంది. వాళ్ళు వచ్చి “ఇక్కడ నొక్కుతోందమ్మా” అంటే, అచ్చు మీద అదే చోట చిన్న తోలు ముక్క అంటించి అరగదీస్తుంది. అలా ఏళ్ళ తరబడి అంటించీ అరగదీసీ, ఒక్కో అచ్చూ ఆ మనిషి పాదం ఎలా మారితే అలా మారుతూ వచ్చింది. అన్నీ గది కప్పు నుంచి తాళ్ళతో వేలాడుతుండేవి.

పెద్దావిడ ఎడమ పాదం కూడా అక్కడే వేలాడుతుండేది. చిన్నప్పుడు వచ్చిన జ్వరం ఆ కాలిని పొట్టి చేసి, పాదాన్ని లోపలికి తిప్పేసి పోయింది. చెప్పులావిడ ఆ తేడా అంతా బూటు లోపలే బెండు ముక్కలతో సర్దేసేది. పైకి చూస్తే రెండు బూట్లూ కవల పిల్లలు. పైగా పెద్దావిడ పాదాల మీదుగా జీరాడే బట్టే కట్టేది. వీధిలో నడిచి వెళుతుంటే వెనక నుంచి ఒక్కడు కూడా “పాపం” అనకూడదని ఆవిడ పంతం. ఆ పంతం ఇన్నేళ్ళూ నెగ్గించుకొచ్చింది. పొద్దున్నే కూరలకి వెళ్ళడం, బేరమాడి నలుగురినీ ఏడిపించి రావడం, ఆవిడ రోజంతటికీ అదే సంబరం.

చెప్పులావిడ తన చెల్లెలికి ఆపరేషను అయితే సాయానికని గదికి తాళం వేసుకుని వెళ్ళింది. అదే అదను అయిపోయింది మన ఓనరు గారికి. ఎవరో ఫొటో స్టూడియో వాడు ఆ గదికి ఎక్కువ అద్దె ఇస్తానని తోక ఊపుకుంటూ వచ్చాడు. ఓనరు దగ్గర రెండో తాళంచెవి ఉంది. అద్దెకిచ్చిన గది అద్దెకున్నవాళ్ళదనీ, అడక్కుండా అందులోకి దూరితే దాన్ని దొంగతనమే అంటారనీ ఆయనకి ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినే చెవులు కావు అవి. తలుపు తీశారు. కప్పు నుంచి వేలాడుతున్న పాదాలన్నీ చూసి స్టూడియో వాడు హడలిపోయాడు.

“ఈ దరిద్రమంతా రేపటికల్లా ఉండదు,” అన్నాడట ఓనరు.

ఉండలేదు. కూలివాళ్ళని పెట్టి తాళ్ళు కోయించి, బస్తాల్లో కుక్కించి, బ్రెడ్డు కాల్చే బట్టీ వాడికి ఊరికే ఇచ్చేశాడు. దానం చేశాననుకున్నాడు కాబోలు. గదికి తెల్ల రంగు కూడా వేయించాడు.

బూటు అడుగు పగిలిందని చూపించుకోవడానికి పెద్దావిడ వెళ్ళేసరికి, అప్పుడే ఊరి నుంచి వచ్చిన చెప్పులావిడ గడప మీద కూర్చుని ఉంది. చేతిసంచి ఇంకా భుజానే ఉంది. ఏడవడం లేదు. తిడుతోంది. ఒకసారి తిట్టిన తిట్టు మళ్ళీ రాకుండా, తీరిగ్గా, ఓనరుని, వాడి వెనకటివాళ్ళని, ముందుకి రాబోయేవాళ్ళని తిడుతోంది. కన్నతల్లి ఎదురుగా నిలబడినా ఆపలేదు. పెద్దావిడ కూడా ఆపమనలేదు.

“నాదీ పోయిందా అమ్మాయ్?” అని మాత్రం అడిగింది.

“అందరివీ పోయాయి పిన్నిగారూ. మీ పాదంతో కాల్చిన బ్రెడ్డు ఈపాటికి ఎవరో తినేసే ఉంటారు,” అంది చెప్పులావిడ. “ఇంక నాకీ ఊళ్ళో ఏం పని? మా చెల్లెలి దగ్గరికి పోతాను. అక్కడ రబ్బరు చెప్పులు అమ్ముకున్నా నా బతుకు వెళ్ళిపోతుంది.”

మరి నా బతుకో? అని పెద్దావిడ పైకి అనలేదు. ఈ జత ఎన్నాళ్ళో ఆగదు. ఈమె వెళ్ళిపోతే ఇంకో జత కుట్టేవాళ్ళు లేరు. ఆ తర్వాత ఆవిడ గతి ఏమిటో ఇంటి హాల్లో సిద్ధంగా ఉంది. చక్రాల కుర్చీ. కొడుకు కొన్నాడు. మీద కప్పిన ప్లాస్టిక్కు కూడా తీయలేదు. ఇంటికి ఎవరొచ్చినా దాని మీద చెయ్యేసి, “అమ్మకి ఏ లోటూ రానివ్వను” అని ఒక ముక్క వినిపించి పంపిస్తాడు. వచ్చినవాళ్ళు ఆహా అంటారు. పెద్దావిడకి ఆ కుర్చీని మేడ మీది నుంచి కిందకి తోసేయాలనిపిస్తుంది, వీలైతే వాణ్ణి అందులో కూర్చోపెట్టి.

ఆ సాయంత్రం ఆవిడ కొడుకు మొహం చూస్తూ కూర్చుంది. తన తల్లి అచ్చు కూడా ఆ బస్తాల్లో ఉందని వీడికి తెలుసా? తెలిసే చేశాడా? తెలిసి చేస్తే దుర్మార్గుడు. తెలియక చేస్తే మరీ అధ్వాన్నం. ఇందులో ఏది నిజమైతే తనకి ఎక్కువ అసహ్యం వేస్తుందో ఆవిడకే తేలలేదు. వాడు మాత్రం హాయిగా తిని, త్రేన్చి, ఫోను చూసుకుంటూ పడుకున్నాడు.

అదీ సంగతి. చెప్పులావిడ ఫిర్యాదు మీద ఇప్పుడు సంఘం వాళ్ళు నష్టం తేలుస్తామని కూర్చున్నారు. తేల్చే పెద్దమనిషి ఇనప సామాన్ల షాపాయన, సంఘానికి ప్రెసిడెంటు. మనిషి చెడ్డవాడు కాదు. కానీ ఆయన షాపు ఉన్నది కూడా ఓనరు గారి బిల్డింగులోనే. అందుకని న్యాయం చెప్పాలన్నప్పుడల్లా ఆయన గొంతులో ఏదో అడ్డం పడుతుంది, గ్లాసెడు మంచినీళ్ళు తాగుతాడు.

“అదొక్కటే కాదు ప్రెసిడెంటు గారూ,” అంటున్నాడు టేపు. “గదికి రంగు వేయించాం. గోడలు చూడండి, అద్దంలా ఉన్నాయి. ఆ ఖర్చు ఇందులోంచి మినహాయించాలి. మినహాయిస్తే, లెక్క ప్రకారం ఈవిడే మా బావకి తిరిగి ఇవ్వాల్సి వస్తోంది. పోనీలే, అది వదిలేద్దాం అంటున్నాడు బావ.”

ఓనరు ఉదారంగా తల ఊపాడు. ఆ ఊపుడు చూసి పెద్దావిడ పళ్ళు నూరింది. వీడికి తల ఊపడం ఒక్కటే వచ్చు. చిన్నప్పుడు లెక్కల మేష్టారి ముందు కూడా ఇలాగే ఊపి, గుండుసున్నాలు తెచ్చేవాడు.

“అయ్యా టేపు గారూ,” అంది చెప్పులావిడ. ఆయన మొహం మీదే అనేసింది. గదిలో ఒకరిద్దరు దగ్గు నటించారు. “మీ ఇంట్లోకి నేను దూరి, మీ బట్టలన్నీ తగలబెట్టి, మీ బీరువాకి రంగేసి వెళితే, నాకెంత ఇస్తారు?”

“బట్టలు వేరు, చెక్క ముక్కలు వేరు. చూడమ్మా, వస్తువుకి విలువ ఎలా వస్తుంది? బజారులో పెడితే కొనేవాడు ఉండాలి. ఎవడిదో వంకర పాదం అచ్చు ఇంకెవడు కొంటాడు? కొనేవాడు లేనిదానికి విలువ లేదు. అది రూలు.”

ప్రెసిడెంటు మంచినీళ్ళు తాగాడు. “రూలు అలా ఉందంటే మరి...” అని నసిగాడు.

పెద్దావిడ ఇంక ఊరుకోలేకపోయింది. లేచి ముందుకి నడిచింది. ఎప్పటిలాగే తిన్నగా నడిచింది, బూటు కీచుమన్నా సరే.

“అయితే టేపూ, నన్ను కూడా బజారులో పెట్టి చూడు. ఎవడు కొంటాడు? ముసలిదాన్ని, నోరు మంచిది కాదు. మరి నాకూ విలువ లేదా?”

“అయ్యో అత్తయ్యగారూ, మీ విషయం ఇక్కడెందుకు వచ్చింది?”

“ఎందుకొచ్చిందా? ఆ బస్తాల్లో నా పాదం కూడా ఉంది. బరువెంత వేశావు నాయనా దానికి? సరిగ్గా తూచావా, ఉజ్జాయింపుగా వేశావా?”

టేపు కాలిక్యులేటరు వంక చూసుకున్నాడు, అందులో సమాధానం ఉన్నట్టు. ఓనరు నోరు తెరిచాడు.

“నీ బూట్లు కూడా ఈవిడే కుడుతుందా అమ్మా? బజారులో కొంటున్నావనుకున్నాను.”

అనుకున్నాడట! అయితే తెలియకే చేశాడు. పెద్దావిడకి జవాబు దొరికింది. దొరికాక, ఇంతకంటే వీడు దుర్మార్గుడై ఉంటేనే బాగుండేదనిపించింది. దుర్మార్గుడికైనా ఎదుటివాళ్ళ సంగతి కాస్త తెలిసి ఉండాలి.

“అయినా ఇప్పుడేమైందని?” అన్నాడు ఓనరు తేరుకుని. “నీకు నడిచే అవసరం ఏముంది? బంగారం లాంటి కుర్చీ కొన్నాను. కూరలు కావాలంటే ఫోను చేస్తే ఇంటికే తెస్తారు.”

“నువ్వు కూర్చోరా అందులో. నీకు అతికినట్టు సరిపోతుంది, ఎలాగూ కాళ్ళు వాడవుగా!” అంది ఆవిడ. తర్వాత ప్రెసిడెంటు వైపు తిరిగింది. “మంచినీళ్ళు తర్వాత తాగుదువుగాని బాబూ. ముందు నష్టపోయిన మనిషిని ఏం కావాలో అడుగు. ఇందాకటి నుంచీ అందరూ మాట్లాడారు, ఆ ఒక్క ముక్క ఎవరూ అడగలేదు.”

ప్రెసిడెంటు గ్లాసు కింద పెట్టాడు. సిగ్గుపడ్డాడనే చెప్పుకోవాలి. “ఏం కావాలమ్మా నీకు?” అన్నాడు.

చెప్పులావిడ ఆ మాట కోసమే కాచుకుని ఉంది.

“ఊరొదిలి పోదామనుకున్నాను, ఇంక పోను. చెక్క కావాలి. అది కొనిస్తే చాలు, దానికి పెద్ద లెక్కలేం అక్కర్లేదు. కానీ చెక్కతో అచ్చు అవదు. పాదం కావాలి. నా దగ్గర పాదాలు పోయినవాళ్ళు ఊరంతా ఉన్నారు. మంచం పట్టినవాళ్ళున్నారు, సిగ్గుపడి బయటికి రానివాళ్ళున్నారు. మళ్ళీ మొదటి నుంచీ కొలత ఇవ్వాలంటే నా కోసం ఎవరొస్తారు? ఈయన వెళ్ళాలి. ఇంటింటికీ వెళ్ళి, మీ పాదం నేనే తగలబెట్టాను అని చెప్పి, బతిమాలి, వెంటబెట్టుకుని తీసుకురావాలి. తెచ్చి ఊరుకుంటే చాలదు. వంకర తిరిగిన పాదానికి కొలత తీయాలంటే ఇంకో మనిషి కింద కూర్చుని రెండు చేతుల్లో పట్టుకోవాలి, లేకపోతే నిలవదు. మా ఆయన బతికున్నంత కాలం ఆయన పట్టుకునేవాడు. ఇప్పుడు ఈయన పట్టుకోవాలి. అన్ని పాదాలూ. అదీ నా నష్టపరిహారం.”

“ఇదెక్కడి చోద్యం! నేను జనం కాళ్ళు పట్టుకోవాలా?” అని ఓనరు కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు.

“ఇది నష్టపరిహారం కిందికి రాదు. నా సర్వీసులో ఎక్కడా చూడలేదు,” అన్నాడు టేపు.

“రాకపోతే పోలీసు స్టేషనుకి పోతాను,” అంది చెప్పులావిడ. “తాళం వేసిన గదిలోకి దొంగచాటుగా దూరి సామాను ఎత్తుకుపోతే దాన్ని దేని కిందికి తెస్తారో వాళ్ళనే అడుగుతాను. వాళ్ళు వచ్చి గదికి సీలు వేస్తారు. మీ స్టూడియో ఆయన బయట నిలబడి సీలుకి ఫొటో తీసుకుంటాడు.”

ఓనరు మొహం అప్పుడు చూడాలి! అడ్వాన్సు అప్పుడే పుచ్చుకుని ఖర్చు పెట్టేశాడు పాపం. బావమరిది వైపు చూశాడు. బావమరిది టేపు లోపలికి చుట్టుకుంటున్నాడు. ప్రెసిడెంటు మళ్ళీ గ్లాసు కోసం చెయ్యి చాపి, పెద్దావిడ చూపు తగిలి వెనక్కి తీసుకున్నాడు.

“పోయింది ఎలా ఉండేదో అలా మళ్ళీ తెచ్చి పెట్టడమే న్యాయం,” అన్నాడు చివరికి. ఆ మాట అనగలిగినందుకు ఆయనే ఆశ్చర్యపోయినట్టున్నాడు. “గది ఆమెదే. స్టూడియో ఆయనకి అడ్వాన్సు తిరిగిచ్చేయ్. చెక్క కొనివ్వు. పాదాలు నువ్వే తెచ్చి, నువ్వే పట్టుకో. సంఘం మాట ఇది.”

మర్నాడు పొద్దున్న గది తలుపు తీశారు. తెల్ల గోడలు వెలవెలబోతున్నాయి. కప్పుకి తాళ్ళ ముక్కలు మాత్రం అక్కడక్కడా మిగిలాయి. చెప్పులావిడ నేల మీద కాగితం పరిచి, సుద్ద ముక్కా పెన్సిలూ కొలత పట్టీ పక్కన పెట్టుకుంది. ఎత్తు పీట మీద పెద్దావిడ కూర్చుంది. పాదాలు రెండూ బట్ట అంచు కింద దాగి ఉన్నాయి.

ఓనరు వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా వేసుకుని, వీధిలో ఎవరైనా చూస్తున్నారేమోనని వెనక్కి చూసుకుంటూ వచ్చాడు.

“ఎవరిని పిలుచుకురమ్మంటావు మొదట? చెప్పు, నాకు వేరే పనులున్నాయి,” అన్నాడు.

“మొదటి పాదం ఎదురుగానే ఉంది. బూటు విప్పి పట్టుకోండి,” అంది చెప్పులావిడ.

పెద్దావిడ రాత్రి పడుకున్నప్పుడే మాటలన్నీ సిద్ధం చేసుకుంది. ఇవాళ వీణ్ణి వదిలేది లేదు. పట్టుకున్నంతసేపూ దులిపి పారేయాలి. కుర్చీ సంగతి, బస్తాల సంగతి, ఆ తల ఊపుడు సంగతి, ఒక్కటీ మిగల్చకూడదు. ఇన్నాళ్ళకి వీడు తన పాదాల దగ్గర నేల మీద కూర్చోబోతున్నాడు. ఈ తమాషా చూడ్డానికి వీధంతా రావాలనిపించింది ఆవిడకి.

ఓనరు ప్యాంటు మోకాళ్ళ దగ్గర పైకి లాక్కుని, విసుగ్గా, గొంతుక్కూర్చున్నాడు. కొంచెం కూడా తడబడకుండా చెయ్యి చాపి, కుడి కాలి బూటు అందుకున్నాడు.

చెప్పులావిడ ఏదో అనబోయింది. పెద్దావిడ వేలెత్తి ఆపింది. ఎందుకు ఆపిందో ఆవిడకీ తెలియదు. ఇప్పుడైనా గుర్తు రాకపోతుందా అనుకుందేమో. వాడు బూటు లేసు ముడి విప్పుతున్నాడు. ముడి బిగుసుకుంటే గోళ్ళతో లాగుతున్నాడు. ఈ కాళ్ళ మీదే వీణ్ణి చంకనేసుకుని ఇంట్లో తిరిగింది ఆవిడ. వీడికి ఒళ్ళు కాలిపోతున్న రోజున, బూట్లు తొడుక్కునే తీరిక లేక, ఎడమ కాలు ఈడ్చుకుంటూ డాక్టరు దగ్గరికి పరిగెత్తింది. వీడు ఆ భుజం మీదే ఉన్నాడు. ఎగుడుదిగుడుగా ఊగుతూనే వెళ్ళి ఉంటాడు.

బూటు ఊడి వచ్చింది. ఓనరు పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఇటు తిప్పి చూశాడు, అటు తిప్పి చూశాడు. వేళ్ళు తిన్నగా ఉన్నాయి. మడమ గుండ్రంగా ఉంది.

“బాగానే ఉందిగా?” అన్నాడు తలెత్తి. “దీనికా ఇంత రాద్ధాంతం?”

పెద్దావిడకి సిద్ధం చేసుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు.

“అది కాదురా నాన్నా,” అంది. “ఎడమది.”